మందు మానేసిన వారంలోనే పరుగు పెట్టేవాళ్లకు

పోయిన నెల మా కాలనీ గ్రౌండులో రెండో రౌండు కొడుతూ ఒకాయన పడిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లో నురగ. ఎవరో పరిగెత్తుకొచ్చి గుప్పిట్లో బండి తాళాలు పెట్టారు. నాకు మాత్రం ఆయన బూట్లు గుర్తున్నాయి, కొత్తవి, అడుగున రేటు స్టిక్కరు కూడా ఊడలేదు. తర్వాత వాళ్లావిడ చెప్పింది, ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ముందురోజే మానేశాడట, చెమట పట్టేదాకా పరిగెడితే ఒంట్లో మందంతా పోతుందని ఎవరో చెప్పారట.

పోదు. మందును కరిగించేది లివర్, చెమటలో పోయేది చాలా తక్కువ. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఆఖరి గ్లాసు తర్వాత 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనపడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలైతే అది ప్రాణం మీదకొచ్చినట్టే. తిండి సరిగ్గా లేక పొటాషియం, మెగ్నీషియం తగ్గిపోయి గుండె అసలే దడదడలాడుతుంటుంది, దాని మీద మళ్లీ పరుగా? నేనూ మానేసినవాడినే కాబట్టి చెప్తున్నా, మానేసిన రోజే మొదలుపెట్టొద్దు. కార్తీకంలో మాల వేసుకుని మందు బంద్ చేసేవాళ్లకూ ఇదే మాట. ముందు డాక్టరు దగ్గరికెళ్లి ఎంత తాగేవాళ్లో సగం దాచకుండా చెప్పండి.

డాక్టరు సరే అన్నాక నడకే, పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. పాదాలు దూది మీద పెట్టినట్టుంటే నరాలు దెబ్బతిన్నాయేమో చూపించుకోండి, అప్పటిదాకా ట్రెడ్‌మిల్ ఎక్కొద్దు. లివర్ గట్టిపడినవాళ్లు, ఎప్పుడైనా రక్తం కక్కుకున్నవాళ్లు బరువులు ఎత్తొద్దు, ఊపిరి బిగబట్టి ఎత్తితే అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు చిట్లొచ్చు.

వణుకు తగ్గడానికి ఇచ్చిన మాత్ర వేసుకుని జిమ్‌కు బండి నడపొద్దు. వ్యాయామానికి ముందు తాగే ప్రీవర్కౌట్ పొడులు వద్దు. జిమ్‌లో బీపీ పెంచే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్ ఇస్తామంటే ఆ జిమ్ గడప మళ్లీ తొక్కొద్దు. ఒళ్లు నొప్పులకు ట్రమడాల్ వద్దు, అదీ అలవాటయ్యేదే, పైగా ఫిట్స్ తెస్తుంది. మూత్రం కోక్ రంగులో వస్తే రేపటిదాకా ఆగొద్దు, కండ కరిగి కిడ్నీల మీద పడుతుండొచ్చు. షటిల్ అయ్యాక బీరు తాగే బ్యాచ్‌తో ఆడొద్దు. నడక సాయంత్రం ఏడింటికి పెట్టుకోండి, ఇదివరకు వైన్స్‌కు వెళ్లిన టైముకి, కానీ ఆ వీధిలోంచి కాదు.

మానేసిన రోజే మొదలుపెట్టొద్దు. ఎవరైనా అలా పడిపోతే తాళాలు పక్కన పెట్టి, మనిషిని ఒక పక్కకు తిప్పండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, 108కు కొట్టండి. మానాలని ఉంటే 14446, ఫోన్ ఉచితం. బూట్లు తర్వాత కొనుక్కోవచ్చు.