స్నేహితులు రాసింది చదివి ఆన్‌లైన్‌లో అభిప్రాయం చెప్పడం ఎలా?

వ్యాసం రాసి క్లాస్ గ్రూపులో పెడితే వచ్చే జవాబులు తెలిసినవే: "సూపర్ రా", "బాగుంది", ఒక బొటనవేలు బొమ్మ. సంతోషమే కానీ, వాటిని బట్టి ఏం మార్చాలో తెలియదు. ఇంకొందరు ప్రతి వాక్యాన్నీ తిరగరాసి పంపుతారు. అప్పుడది రాసినవాళ్ల వ్యాసమే కాకుండా పోతుంది. చదువుతున్నప్పుడు మీకేమనిపించిందో చెప్పి, మార్పులు రాసినవాళ్లకే వదిలేయడం మంచి పద్ధతి.

1. చోటు కుదుర్చుకోండి

వాట్సాప్‌లో పేరాలు అతికిస్తే ఏ మాట ఏ వాక్యం గురించో తెలియదు. గూగుల్ డాక్స్‌లో పెట్టి, షేర్ చేసేటప్పుడు 'కామెంటర్' అనుమతి ఇవ్వండి. 'వ్యూయర్' అయితే ఏమీ రాయలేరు, 'ఎడిటర్' అయితే నేరుగా మార్చేయగలరు. చదవడానికి ఇద్దరు ముగ్గురు చాలు. లింకుతో పాటు "మూడో పేరా సాగదీసినట్టుందా?" లాంటి ప్రశ్న ఒకటి పంపితే చదివేవాళ్లకు దారి దొరుకుతుంది.

2. మొదటిసారి ఊరికే చదవండి

అచ్చుతప్పు కనబడగానే దిద్దాలనిపిస్తుంది. ఆగండి. ఆ పేరానే తర్వాత ఎగిరిపోవచ్చు.

3. రెండోసారి కామెంట్లు పెట్టండి

ఉదాహరణకు మీ స్నేహితురాలు రామప్ప గుడి గురించి రాసిందనుకుందాం. మొదటి వాక్యం: "రామప్ప గుడి యొక్క ప్రాముఖ్యత వర్ణనాతీతం." దీనికి "బాలేదు" అని పెడితే ఆమె నొచ్చుకుంటుంది, వాక్యం అలాగే ఉంటుంది. ఇలా రాసి చూడండి: "ఇక్కడ నాకు గుడి కనిపించలేదు. నీళ్లలో తేలే ఇటుకల గురించి కింద రాశావు కదా, దాంతోనే మొదలుపెడితే?"

మెచ్చుకోవడం కూడా అలాగే ఉండాలి. "ఇటుక తేలుతుందన్న వాక్యం మా తమ్ముడికి చదివి వినిపించా" అంటే ఏది పనిచేసిందో ఆమెకు తెలుస్తుంది. నా లెక్కలో పది "సూపర్"ల కంటే ఇది ఎక్కువ.

విషయంలో తప్పుంటే మాత్రం నాన్చొద్దు. "1213 నాటి శాసనం ఉన్న ఈ 12వ శతాబ్దపు గుడి" అని రాస్తే, "1201 నుంచి 1300 దాకా 13వ శతాబ్దం కదా, మార్చు" అని సూటిగా చెప్పండి. ఇది చాలామంది చేసే పొరపాటే, ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. మీకే అనుమానంగా ఉంటే "ఒకసారి సరిచూడు" అంటే సరిపోతుంది.

వ్యాసంలో వచ్చే అమ్మమ్మ మాటల్లో "పోయినం", "చూసినం" అని ఉంటే వాటిని "వెళ్లాం", "చూశాం" అని దిద్దకండి. ఆమె అలాగే మాట్లాడుతుంది. పాఠ్యపుస్తకం తెలుగు ఒక్కటే సరైనదన్న అలవాటు చదివేవాళ్లలో బలంగా ఉంటుంది, దాన్ని కాస్త పక్కన పెట్టాలి. ఒకే మనిషి ఒకచోట "పోయినం" అని, ఇంకోచోట "వెళ్ళితిమి" అంటే అప్పుడు అడగండి.

4. అక్షరదోషాలు చివరికి

కామెంటర్‌గా మీరు నేరుగా దిద్దినా అది సూచనగానే కనిపిస్తుంది, ఒప్పుకోవడం రాసినవాళ్ల ఇష్టం. "సాసనం" అని పదిచోట్ల ఉంటే మొదటిదాన్ని దిద్ది, "మిగతావీ చూసుకో" అనండి.

5. పెద్ద విషయమైతే ఫోన్ చేయండి

వ్యాసం మొత్తం మళ్లీ అమర్చుకోవాలనిపిస్తే ఇరవై కామెంట్లు పెట్టి టెన్షన్ పెట్టొద్దు. ఒక పేరా ఎక్కడినుంచో కాపీ కొట్టినట్టు అనిపించినా అందరికీ కనిపించేలా రాయకుండా విడిగా అడగండి.

6. రాసినవాళ్లు చేయాల్సింది

కామెంట్లు రాగానే వాదనకు దిగకండి, ఒక పూట ఆగండి. మార్పులు మొదలుపెట్టే ముందు కంప్యూటర్‌లో 'వెర్షన్ హిస్టరీ' తెరిచి, ఇప్పుడున్న ప్రతికి "మొదటి ప్రతి" అని పేరు పెట్టుకుంటే తర్వాత కావాలంటే వెనక్కి వెళ్లొచ్చు. పని అయిన కామెంటుకు టిక్ కొట్టండి. నచ్చని సూచనను వదిలేయొచ్చు, ఎందుకో ఒక్క వాక్యం జవాబివ్వండి. ఒకే వాక్యం దగ్గర ఇద్దరు ఎదురెదురు సలహాలిచ్చారా? చాలాసార్లు ఆ రెండూ కుదరవు కానీ, ఆ వాక్యంలో ఏదో ఇబ్బంది ఉండే ఉంటుంది. దాన్ని మీరే కొత్తగా రాసి, ఆ ఇద్దరికీ మళ్లీ చూపించండి.