కాలువ గడ్డకట్టింది: నేరోబోట్‌లో ఏది ఎందుకు ఆగింది, ఏం చేయాలి

ఇంగ్లండ్ కాలువల్లో ఉండేవి దాదాపు నిలవ నీళ్లే, లోతూ తక్కువే. రెండు మూడు రాత్రులు వరసగా మైనస్‌లోకి వెళ్తే చాలు, పైన అద్దంలా ఐసు పరుచుకుంటుంది. అది చూడగానే అందరికీ భయమేసేది పడవ అడుగు గురించే. నేరోబోట్ అంటే ఈ కాలువల్లో తిరిగే సన్నటి, పొడవాటి పడవ. ఈ కాలపు ఉక్కు నేరోబోట్‌లో అడుగు రేకు సాధారణంగా 10 మిల్లీమీటర్లు, పక్కలు 6 మిల్లీమీటర్లు. అంత రేకుని కాలువ ఐసు నొక్కి పగలగొట్టలేదు. చేతి డబ్బు వదిలించేది పడవ లోపల పైపుల్లో గడ్డకట్టే నీళ్లు. ఆ తర్వాతిది, ఆగలేక ఐసులోనే ఇంజను వేసుకుని బయల్దేరడం.

రాత్రంతా చప్పుళ్లు, పొద్దున్నే పడవ ఒరిగి ఉంది

చప్పుళ్లు ఐసు సాగి బీటలు వారడం వల్ల. ఉక్కు డబ్బాలో పడుకుంటే అవి రెండింతలు వినపడతాయి, అంతే. ఒరగడానికి మాత్రం కారణం వెతకాలి. ఎక్కువగా కాలువ మట్టం కాస్త తగ్గి, కట్టిన మోకులు బిగిసిపోయి ఉంటాయి, లేదా ఒడ్డు పక్క గట్టు మీద అడుగు కూర్చుని ఉంటుంది. మోకు కర్రలా బిగుసుకుపోతే ముడి మీద గోరువెచ్చని నీళ్లు పోసి, వదులు చేసి, వెంటనే పొడి మోకుతో మళ్లీ కట్టండి. తడిసిన మోకు గంటలో మళ్లీ గట్టిపడుతుంది.

ఉక్కు పడవ చుట్టూ ఐసు కొట్టాల్సిన పనేమీ లేదు. ఫైబర్, చెక్క పడవలకైతే గెడతో చుట్టూ జానెడు ఖాళీ చేయడం మంచిది. ఐసు మీద మాత్రం కాలు పెట్టొద్దు, ఎంత గట్టిగా కనిపించినా సరే.

కుళాయి తిప్పితే నీళ్లు రావట్లేదు

పంపు గురగురమంటున్నా నీళ్లు రాకపోతే ముందు దాని స్విచ్ ఆపండి. ట్యాంకు సాధారణంగా ముందు డెక్ కింద ఉంటుంది. అక్కణ్ణించి ఉక్కు గోడకి ఆనుకుని వచ్చే పైపు, ఇంజను గదిలోంచి పోయే పైపు, ఈ రెండూ మొదట గడ్డకడతాయి. కుళాయి తెరిచి ఉంచి, దాని వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్తూ, వేడి నీళ్ల సీసా గానీ వేడి గుడ్డ గానీ పైపుకి చుట్టండి. బ్లో లాంప్, కొవ్వొత్తి లాంటి మంట వద్దు. ప్లాస్టిక్ పైపు మెత్తబడి జాయింట్ ఊడుతుంది.

నీళ్లు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం పెరుగుతాయి. పెరగడానికి చోటు లేకపోతే పైపు కన్నా ముందు పగిలేది జాయింట్లు, షవర్ మిక్సర్, పంపు ముందున్న ఫిల్టర్ గిన్నె. అందుకే పడవ వదిలి వెళ్లేవాళ్లు ముందే నీళ్లు దింపేయాలి. హీటర్ ఆపాలి, పంపు ఆపాలి, అన్ని కుళాయిలూ తెరవాలి. వేడి నీళ్ల ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ తిప్పి ఖాళీ చేయాలి. ఫిల్టర్ గిన్నె విప్పి, షవర్ గొట్టం కిందికి వేలాడదీసి, మిక్సర్ రెండు పిడులూ మధ్యలో పెట్టాలి. చాలామంది మర్చిపోయేది ఈ షవర్ మిక్సరే. కుళాయిలు తెరిచే ఉంచండి.

ఇంజను తిరుగుతోంది, పట్టుకోవట్లేదు

రెండు కారణాలు. బ్యాటరీ చల్లబడితే దాని శక్తి తగ్గుతుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడి ఎక్కువ శక్తి అడుగుతుంది. గ్లో ప్లగ్‌లకు, అంటే స్టార్ట్ చేసే ముందు డీజిల్ ఇంజను లోపల వేడి చేసే ప్లగ్‌లకు, మామూలు కన్నా ఎక్కువ సేపు ఇచ్చి చూడండి. తిరగడం బాగానే ఉండి, పట్టుకుని కాసేపటికి ఆగిపోతే డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోయినట్టు. వేసవిలో కొన్న ఎర్ర డీజిల్ (ఇక్కడ పడవలకు అమ్మే రంగు కలిపిన డీజిల్) చలికాలం సరుకు కన్నా ముందే గట్టిపడుతుంది. ఫిల్టర్‌ని వేడి గుడ్డతో వెచ్చచేసి ప్రయత్నించండి. శరత్కాలంలోనే ట్యాంకు కొత్త డీజిల్‌తో నింపుకుంటే ఈ బాధ ఉండదు. ట్యాంకులో తేమా పట్టదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు పెట్టుకున్నవాళ్లకి ఒక్క మాట: సున్నా కన్నా చల్లగా ఉన్నప్పుడు వాటిని ఛార్జ్ చేయొద్దు, లోపల శాశ్వతంగా దెబ్బతింటాయి.

నేరోబోట్ల ఇంజను చాలావాటిలో కాలువ నీళ్లని తాగదు, పడవ పక్క రేకు లోపలున్న ట్యాంకులో తిరిగే కూలెంట్‌తో చల్లబడుతుంది. ఆ కూలెంట్‌లో యాంటీఫ్రీజ్ సగం, నీళ్లు సగం ఉంటే ఈ దేశపు చలికి ధోకా లేదు. మధ్యమధ్యలో నీళ్లే పోస్తూ వచ్చినవాళ్లది పలచబడి ఉంటుంది. ద్రవం చిక్కదనం కొలిచే చౌక హైడ్రోమీటర్‌తో చూసుకోవచ్చు. కాలువ నీళ్లతో చల్లబడే ఇంజనైతే నీళ్లు లాగే చోట ఐసు ముక్కలు, తురుము చేరి వేడెక్కుతుంది. ఇంజను ఆపి ఫిల్టర్ శుభ్రం చేయాలి.

గ్యాస్ వెలగట్లేదు

ఇంగ్లండ్‌లో నీలం సిలిండర్ అంటే బ్యూటేన్ గ్యాస్. సున్నా దగ్గర అది ఆవిరి కావడం దాదాపు మానేస్తుంది. ఎర్ర సిలిండర్, అంటే ప్రొపేన్, మైనస్ 42 దాకా పనిచేస్తుంది. చలికాలానికి ఎర్రదే పెట్టుకోవాలి.

బయల్దేరితే పడవ పక్కలు గీసుకుపోతున్నాయి, మలుపు తిరగట్లేదు

విరిగిన ఐసు అంచు గాజు ముక్కలా కోస్తుంది. నీటి గీత దగ్గర తుప్పు పట్టకుండా పూసిన తారులాంటి బిటుమెన్ పూత గీసుకుపోతుంది. కొత్తగా పూసినదైతే ఇంకా మెత్తగా ఉంటుంది, మరీ నష్టం. తిరగకపోవడానికి కారణం వేరు: నేరోబోట్ తన నడుము మీద తిరుగుతుంది, అంటే ముక్కు లోపలికి పోవాలంటే వెనక భాగం బయటికి జరగాలి. అక్కడ ఐసు పలక అడ్డుగా ఉంటే ముక్కు ఎలా తిరుగుతుంది? ముందుకూ వెనక్కీ నెమ్మదిగా నడిపి, వెనక భాగానికి చోటు చేసుకోవాలి.

నిజంగా వెళ్లక తప్పదా అన్నదే అసలు ప్రశ్న. టాయిలెట్ నిండింది, నీళ్లు అయిపోయాయి, ఇంతకు మించిన కారణాలు మాకు తోచవు. మీరు నెట్టిన పలక ఒడ్డున కట్టిన ఫైబర్ పడవ పొట్టకి తగిలితే వాళ్లకి చిల్లు పడే ప్రమాదముంది. కట్టిన పడవల పక్కనుంచి పోయేటప్పుడు నడక వేగం కన్నా తక్కువకి దించండి. చలి వస్తుందని వాతావరణం వాళ్లు చెప్పిన రోజే ట్యాంకు నింపి, టాయిలెట్ ఖాళీ చేసి, 20 లీటర్ల క్యాన్ ఒకటి క్యాబిన్‌లో పెట్టుకుంటే కదలాల్సిన పనే ఉండదు. ఒడ్డున పడవలు నీళ్లు పట్టుకునే వాటర్ పాయింట్‌లో గడ్డకట్టిన కుళాయిని చూశాక ఆ క్యాన్ విలువ తెలుస్తుంది.

లాకులో పడవ ఇరుక్కుంది

లాకు అంటే రెండు చివరలా తలుపులుండి, నీటి మట్టం పెంచో తగ్గించో పడవని ఎక్కించే, దించే గది. గోదావరి కాలువల లాకులు తెలిసినవాళ్లకి పద్ధతి కొత్త కాదు, కొలత కొత్త. సన్నటి లాకుల వెడల్పు దాదాపు 7 అడుగులు, పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. రెండు పక్కలా కలిపి రెండంగుళాల సందు. అందులో అరచేయంత ఐసు ముక్క దూరితే చాలు. కిందికి దిగేటప్పుడు మట్టం తగ్గుతూ ఉంటే పడవ ఒక చివర అలాగే గోడకి పట్టుకుని వేలాడుతుంది. వంగడం కనపడ్డ క్షణంలో కింది తలుపు వైపు నీళ్లు వదిలే షట్టర్లు మూసేయాలి. ఆ తర్వాత పై తలుపు వైపువి కొద్దికొద్దిగా తెరిచి, నీళ్లు నింపి, పడవ తేలాక ముక్కలు తోడేయాలి. ముక్కుతో గుద్ది విడిపించాలని చూడొద్దు.

లాకు తలుపు పూర్తిగా తెరుచుకోకపోయినా అదే కారణం: తలుపు వెనక గూటిలో ఐసు పేరుకుంది. సగం తెరిచిన సందులోంచి దూరే ప్రయత్నం వద్దు. గెడకి కొక్కెం ఉంటే దాంతో ముక్కల్ని లాగి పక్కకి నెట్టండి. లాకు ఒడ్డు రాళ్ల మీద, తలుపు దూలం మీద కనపడని ఐసు ఉంటుంది. పొయ్యిలోంచి తీసి పూర్తిగా చల్లారిన బూడిద డబ్బాలో పట్టుకెళ్లి చల్లితే కాలు జారదు.

ఐసు కరిగిన రోజు

పగిలిన జాయింట్ ఇప్పటిదాకా ఐసుతోనే మూసుకుని ఉంది, కరిగాక కారుతుంది. కుళాయిలన్నీ మూసి, పంపు వేసి, పావుగంట మౌనంగా కూర్చోండి. ఎవరూ నీళ్లు వాడకుండానే పంపు మధ్యమధ్యలో గుర్రుమంటే ఎక్కడో లీకుంది. వెనక చివర నేల మూత ఎత్తి, అడుగున వేలు పెట్టి చూడండి. పొడిగా ఉందనుకున్న చోట చల్లటి నీళ్లు తగిలితే పంపు ఆపి, షవర్ నుంచి మొదలుపెట్టి ఒక్కో జాయింట్ కిందా పొడి కాగితం పెడుతూ రండి.