రాతిలో నాట్యం, కుంచెతో నకలు

పారిస్‌లో మోంటేన్ వీధిలోని షాంజెలిజే థియేటర్ ముందు ఒకసారి చాలాసేపు నిలబడిపోయాను. పాలరాతి ముఖభాగంలో పైన గ్రీకు దేవుడు అపోలో, కళాదేవతలు ఉన్న పొడవాటి పట్టీ, కింద ఐదు పలకలు. అన్నీ ఫ్రెంచ్ శిల్పి ఆంత్వాన్ బూర్దెల్ పనే. ఆ ఐదింటిలో ‘నాట్యం’ అనే పలక దగ్గర నా చూపు ఆగిపోయింది. ఆ కాలపు పేరున్న నర్తకులు ఇసడోరా డంకన్, నిజిన్‌స్కీలను మనసులో పెట్టుకుని చెక్కిన ఇద్దరు నర్తకులు. చట్రం వాళ్లకు చాలదు. మెడలు వంచుకుని, చేతులు మడుచుకుని అందులోనే ఒదిగి ఆడుతున్నారు. ఆ పలకకు నేను రంగులతో మూడుసార్లు నకలు చేశాను. మూడోది నిలిచింది. అది ఎలా చేశానో చెబుతాను.

ముందుగా ఒక మాట. బూర్దెల్ 1893 నుంచి 1908 వరకు ప్రసిద్ధ శిల్పి రోడాన్ దగ్గర పనిచేశాడు. అయినా 1913లో తెరుచుకున్న ఈ థియేటర్ మీద అతని చెక్కడం గురువు పనిలా ఎగసిపడదు. ఒగుస్త్ పెరే కట్టిన ఆ గోడకు లోబడి ఉంటుంది. బొమ్మ గోడలోంచి బయటికి దూకదు, గోడే కాస్త ఉబ్బి బొమ్మ అయినట్టుంటుంది. నకలు చేసేవారు పట్టుకోవలసింది ఇదే. మీరు వేయబోయేది ఇద్దరు మనుషులను కాదు, ఒక గోడను.

ఫొటో ఎంచుకునేటప్పుడు వెలుగు ఒక పక్క నుంచి పడుతున్నది తీసుకోండి. ఎదురుగా వెలుగు పడితే ఉబ్బెత్తు అంతా చదునైపోతుంది. బొమ్మను ఏ గోడకు తగిలించబోతున్నారో, అక్కడ కిటికీ ఏ వైపు ఉందో కూడా ఇప్పుడే చూసుకోండి. బొమ్మలో వెలుగూ ఆ వైపు నుంచే రావాలి. నాకు ఎడమవైపు కిటికీ, అందుకే పై ఎడమ నుంచి వెలుగు పెట్టుకున్నాను.

గళ్లు గీసి పెద్దది చేయడం అందరికీ తెలిసిందే. ఫొటో మీద ఎన్ని గళ్లో కాన్వాసు మీదా అన్నే. అయితే గీత మొదలుపెట్టాల్సింది మనుషులతో కాదు, చట్రంతో. చట్రానికీ మోచేతికీ మధ్య, తలకూ పై అంచుకూ మధ్య మిగిలిన ఖాళీల ఆకారాలను ముందు గీయండి. అవి కుదిరితే నర్తకులు వాళ్లంతట వాళ్లే కుదురుతారు. నా మొదటి నకలులో ముఖాలతో మొదలుపెట్టాను, చివరికి పాదాలకు చోటు చాలలేదు.

ఆక్రిలిక్ రంగులు నాలుగే: టైటానియం వైట్, అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ అంబర్, చిటికెడు యెల్లో ఓకర్. నీలం, అంబర్ కలిపితే నలుపుకు దగ్గరి ముదురు వస్తుంది. దాన్ని తెలుపులో కొద్దికొద్దిగా కలుపుతూ ఐదు సీసాల్లో ఐదు ఛాయలు చేసుకోండి; ఒకటోది అన్నిటికంటే తేలిక, ఐదోది అన్నిటికంటే ముదురు. ట్యూబులోని నల్లరంగు వాడకండి. రాయి నీడ పడినట్టు కాదు, కన్నం పడినట్టు కనిపిస్తుంది. ఆక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది కాబట్టి ప్రతి ఛాయనూ కాగితం మీద రాసి, ఆరనిచ్చి సరిచూడండి. మూడో సీసా గోడ రంగు. గెస్సో (రంగు పట్టడానికి ముందు వేసే తెల్లటి పూత) పూసిన కాన్వాసు అంతటా అదే పూయండి. గీత దాని మీదే దించండి. చివరికి నర్తకుల ఒంటి మీద కూడా ఈ మూడో ఛాయ సగానికి సగం అలాగే మిగలాలి.

కుంచె పట్టే ముందు ఒక పూట మట్టితో గడపండి. ఈ పూట నాకు నేర్పినంత మరేదీ నేర్పలేదు. అరచేతి వెడల్పు మట్టి పలక మీద వేలెడంత మట్టి తీగను అతికించి, ఒక కొసను బొటనవేలితో పలకలోకి నొక్కేయండి. దీపాన్ని పై ఎడమన వాలుగా పెట్టండి. దీపం వైపు అంచున సన్నని తెల్లటి గీత. తర్వాత పలక రంగే. వంపు తిరిగే చోట ముదురు నీడ. ఆ నీడ అంచుకు చేరేసరికి మళ్లీ కాస్త తేలికవుతుంది, ఎందుకంటే పలక తాను అందుకున్న వెలుగును తిరిగి విసురుతోంది. ఆ తర్వాత పలక మీద పడ్డ నీడ. నొక్కేసిన చోట మాత్రం ఇవేవీ లేవు, తీగ ఎక్కడ ముగిసిందో తెలియదు. అలా కలిసిపోయే చోట్లు బొమ్మలోనూ ఉంచాలి. అన్ని అంచులనూ గీతలతో కట్టేస్తే రాయి కాస్తా అట్టముక్క అవుతుంది.

పడే నీడ వెడల్పుకు లెక్క ఉంది. వెలుగు 45 డిగ్రీల వాలున పడితే, ఉబ్బు ఎంతో నీడ అంతే. భుజం ఒకటిన్నర సెంటీమీటరు ఉబ్బిందనుకుంటే నీడ అంతకు మించకూడదు. చీలమండ దగ్గర అందులో సగం చాలు. నా రెండో నకలులో నీడలు ధారాళంగా వేశాను. నర్తకులు గోడ నుంచి విడిపోయి గాలిలో తేలారు.

వేసే వరుస: నీడలు ముందు, నాలుగో సీసాతో. వాటిలోని ముదురు చోట్లకే ఐదోది. తర్వాత రెండోది. ఒకటో సీసా చివరిరోజు దాకా మూత తీయకండి. ఇసడోరా బట్టల మడతలన్నిటికీ ఒకే బరువు ఇవ్వకండి. వెలుగు వైపు మడతలకు సన్నగా, నీడ వైపు మడతలకు గాఢంగా ఇస్తే ఒళ్లు దానంతటదే తిరుగుతుంది. వేళ్లను ఒక్కొక్కటిగా వేయకండి. చేతినంతా ఒకే ముద్దగా వేసి, వేళ్ల మధ్య నీడ గీతలు రెండో మూడో దించితే చాలు. వీధి నుంచి చూసినప్పుడు అంతే కనిపిస్తుంది.

ఆరాక మెరుపు లేని వార్నిష్ పూయండి. మెరిస్తే రాయి పోయి రంగు కనిపిస్తుంది. కాన్వాసు వెనుక ‘బూర్దెల్ నాట్యం పలకకు నకలు’ అని, మీ పేరూ సంవత్సరమూ రాయండి. బూర్దెల్ 1929లో పోయాడు, ఆ పని మీద హక్కుల గడువు తీరింది. నకలు చేయడంలో తప్పేమీ లేదు, కానీ ముందుముందు ఎవరి చేతికి చేరినా అది ఏమిటో వాళ్లకు తెలియాలి. తగిలించేటప్పుడు బొమ్మలో వెలుగు వచ్చే వైపే కిటికీ ఉందో లేదో మరోసారి చూసుకోండి.