శంషాబాద్ నుంచి డాలస్‌కు ఎంత దూరం, ఎన్ని గంటలు? లెక్క వేసుకునే పద్ధతి

శంషాబాద్ విమానాశ్రయం నుంచి అమెరికాలోని డాలస్ ఫోర్ట్ వర్త్ విమానాశ్రయానికి నేరుగా కొలిస్తే దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. ఈ దూరం గోడ మీది ప్రపంచ పటంలో స్కేలు పెడితే తేలేది కాదు; అందుకు గ్లోబు కావాలి. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు చుట్టుకొలత 94 సెంటీమీటర్లు, భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు కనుక, దాని మీద ఒక సెంటీమీటరుకు 425 కిలోమీటర్లు లెక్క. దారం కొసను హైదరాబాద్ మీద బొటనవేలితో అదిమిపట్టి, రెండో కొసను డాలస్ వరకు బిగువుగా లాగితే, అది మనం అనుకున్నట్టు అరేబియా, ఐరోపాల మీదుగా పోకుండా, రష్యాను దాటి ఉత్తర ధ్రువానికి బాగా దగ్గరగా వెళ్తుంది. కొలిస్తే 34 సెంటీమీటర్లు.

అయితే టికెట్టు కొనేవారికి ఈ అంకెతో పెద్దగా పని లేదు. దోహాలో విమానం మారితే మొదటి అంచె 2,900, రెండోది 12,750 కిలోమీటర్లు. అంటే సుమారు 1,250 కిలోమీటర్లు అదనం. పెద్ద విమానాల వేగం గంటకు 900 కిలోమీటర్ల ప్రాంతంలో ఉన్నా, ఎక్కడానికి, దిగడానికి పట్టే సమయం కూడా ఉంటుంది కనుక, ప్రతి అంచె దూరాన్ని 850తో భాగించి అరగంట కలపడం మేలు. ఆ లెక్కన మొదటి అంచెకు సుమారు నాలుగు గంటలు, రెండోదానికి పదిహేనున్నర. పైయెత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలుల వల్ల, వెళ్లేటప్పుడు ఇంకొంచెం ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ పడుతుంది. మధ్యలో ఆగే సమయాన్ని వేరుగా కలుపుకోవాలి. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తున్నప్పుడు అది గంటన్నర మాత్రమే ఉన్న టికెట్టు ఎంత చవకైనా వద్దనే చెబుతాను.

చాలామంది తికమకపడేది గడియారం దగ్గరే. టికెట్టు మీద ఉండేవి ఏ ఊరికి ఆ ఊరి సమయాలు. డాలస్ మనకంటే చలికాలంలో పదకొండున్నర గంటలు, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. జనవరిలో ఇక్కడ తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి, అదే రోజు మధ్యాహ్నం 3.30కి అక్కడ దిగుతారనుకుందాం. పైకి పదకొండున్నర గంటలే కనిపిస్తుంది. దానికి ఇంకో పదకొండున్నర కలిపితే అసలు ప్రయాణం 23 గంటలు. తిరుగు ప్రయాణంలో కలపకూడదు, తీసివేయాలి: సోమవారం సాయంత్రం 6కి అక్కడ ఎక్కి బుధవారం తెల్లవారుజామున 3కి ఇక్కడ దిగితే, 33లోంచి పదకొండున్నర పోగా మిగిలేది ఇరవై ఒకటిన్నర గంటలు.

తేదీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. టికెట్టు మీద 15వ తేదీ తెల్లవారుజాము 4 గంటలని ఉంటే, మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి కనుక, కూకట్‌పల్లి వాళ్లు 14వ తేదీ రాత్రి భోజనం కాగానే ఇల్లు కదలాలి. క్యాబ్ కూడా 14వ తేదీకే మాట్లాడుకోవాలి.