ఆడపిల్లకు సంస్కృతం పేరు, నాలుగో పాఠం: చివరి అక్షరం

రెండు పదాలు కలిపి సమాసం పేరు కట్టడం ఈసారి చెప్పాల్సింది. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. నక్షత్రాక్షరాల పాఠం చదివి మీరు పంపిన పేర్లు చూశాక, సమాసాల దాకా వెళ్ళే ముందు తేల్చుకోవాల్సినవి రెండు కనిపించాయి. ఒకటి చిన్నది, రెండోది నాకు చాలా చిరాకు తెప్పించేది.

చిన్నది ముందు. హస్తా నక్షత్రానికి అక్షరాలు పూ, ష, ణ, ఠ. మూడో పాదంలో పుట్టిన పాపకు ణ వస్తుంది. ఆర్ద్ర మూడో పాదానికైతే ఙ. ఈ రెండక్షరాలతో మొదలయ్యే మాటలు సంస్కృతంలో లేనట్టే లెక్క. అందుకని నవ్యను ‘ణవ్య’ చేసి పంపినవాళ్ళున్నారు. అంత అవసరం లేదండి. ధర్మసింధువు నామకరణంలో నాలుగు పేర్లు చెబుతుంది: దేవతా నామం, మాస నామం, నక్షత్ర నామం, వ్యావహారిక నామం. పాదాక్షరం నక్షత్ర నామానికి సంబంధించింది. బడిలో, ఆధార్‌లో ఉండేది వ్యావహారిక నామం. దానికి ఏ అక్షరమైనా పెట్టుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే ణ బదులు న పెట్టడం వాడుకలో ఉన్నదే, పురోహితులు కూడా అదే చెబుతారు. ఙ వచ్చినవాళ్ళు అదే నక్షత్రంలోని కూ, ఘ తీసుకోండి. ఆస్పత్రి వాళ్ళు ఫారం ఇచ్చారని టెన్షన్ కూడా వద్దు. మన దేశంలో పేరు లేకుండానే జననం నమోదు చేయించి, 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించవచ్చు. ఆ తర్వాత కూడా ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ వరకు వీలుంది.

ఇక రెండోది. మీరు పంపిన వాటిలో ఎక్కువగా కనిపించిన పేర్లు తేజస్వి, యశస్వి, మనస్వి, ధన్వి. పక్కన అర్థాలు కూడా రాశారు: తేజస్సు గలది, యశస్సు గలది... అర్థం దాదాపు సరే. ‘గలది’ దగ్గరే పేచీ. సంస్కృతంలో ఇవి ‘గలవాడు’ అని చెప్పే మాటలు.

ఇంత సూటిగా చెబితే కోపం వస్తుందని తెలుసు. కాబట్టి తీరిగ్గా చూద్దాం. బడి పుస్తకంలో మీరు చదువుకున్నదే: విద్యార్థి, విద్యార్థిని. అలాగే తపస్వి, తపస్విని. యోగి, యోగిని. సన్యాసి, సన్యాసిని. ఈ జంటల్లో ఎవరికీ అనుమానం రాదు. తేజస్వి, తేజస్విని కూడా సరిగ్గా ఇదే జంట. దీని అసలు రూపం తేజస్విన్, చివర నకారం ఉంది. మగవాడికి ప్రథమా విభక్తిలో ఆ నకారం పోయి తేజస్వీ అవుతుంది. ఆడవాళ్ళకు నకారం నిలబడి, దాని మీద ఈ చేరి తేజస్వినీ అవుతుంది. నకారాంతాలకు స్త్రీలింగంలో ఈకారం చేరాలన్నది పాణిని సూత్రమే.

మరి మన చెవికి తేజస్వి ఆడపేరులా ఎందుకు వినిపిస్తుంది? తెలుగు సంస్కృత పదాల చివరి దీర్ఘాన్ని కుదిస్తుంది. గౌరీ గౌరి అవుతుంది, లక్ష్మీ లక్ష్మి అవుతుంది, సీతా సీత అవుతుంది. దాంతో చివర ఇ వినబడగానే గౌరి, పార్వతి, జానకి గుర్తొచ్చి ఆడపిల్ల అనుకుంటాం. కానీ యోగీ, మంత్రీ, స్వామీ కూడా అలాగే కుదించుకుపోయి యోగి, మంత్రి, స్వామి అయ్యాయి. వీటిలో ఏదీ ఆడపేరు కాదు కదా. క్రికెట్ చూసేవాళ్ళకు ఇంకా తేలిక, యశస్వి జైస్వాల్ పేరు వ్యాకరణం ప్రకారం నిక్షేపంగా ఉంది.

నిఘంటువులో దొరకడం లేదన్న ఫిర్యాదుకూ కారణం ఇదే. ఆప్టే సంస్కృత నిఘంటువులో తేజస్వి కోసం వెతికితే ఉండదు, తేజస్విన్ దగ్గర ఉంటుంది. దొరక్కపోయేసరికి మీరు పేర్ల సైట్లకు వెళుతున్నారు. అక్కడ ప్రతి మూడో పేరుకూ ‘లక్ష్మీదేవి’ అని రాసి పెట్టి ఉంటుంది. హన్వికకు కూడా అదే అర్థం ఇచ్చారు. ఆ మాట నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. దగ్గర మాట కోసం వెతికితే హను తగులుతుంది, అంటే దవడ.

ధన్వి, మేధావి సంగతి చెప్పడానికి నిఘంటువు కూడా అక్కర్లేదు. విష్ణు సహస్రనామంలో ‘ఈశ్వరో విక్రమీ ధన్వీ మేధావీ విక్రమః క్రమః’ అని ఉంది. ధనుస్సు పట్టిన స్వామి ధన్వీ. అమ్మాయికి కావాలంటే ధన్విని.

‘అయితే వి చివరున్న పేర్లన్నీ తీసేయాలా?’ అని అడిగేలోపే చెబుతున్నాను, తీసేయొద్దు. తన్వి, ఉర్వి, సాధ్వి, పృథ్వి అచ్చమైన స్త్రీలింగాలు. తను, ఉరు, సాధు, పృథు అనే ఉకారాంత విశేషణాల మీద ఈ చేరితే ఇవి వస్తాయి. తన్వి అంటే సన్నగా, నాజూగ్గా ఉన్న అమ్మాయి. ఉర్వి, పృథ్వి రెండూ భూమి. తమాషా ఏమిటంటే ఆ పృథ్విని మనం మగపిల్లలకు పెడతాం, తేజస్విని కత్తిరించి ఆడపిల్లలకు పెడతాం. ఇక భార్గవి, వైష్ణవి, శాంభవి, జాహ్నవి వేరే దారిలో వచ్చినవి, వాటికీ ఢోకా లేదు.

మరో గుంపు కూడా ఇలాగే మోసం చేస్తుంది. ‘ఫలానావారి సంతానం’ అనే పేర్లలో కొడుక్కి చాలాచోట్ల హ్రస్వ ఇ వస్తుంది, కూతురికి దీర్ఘ ఈ వస్తుంది. దశరథుడి కొడుకు దాశరథి, జనకుడి కూతురు జానకీ. తెలుగులోకి వచ్చేసరికి ఇద్దరి చివరా ఒకటే ఇ. అందుకే మీలో ఒకరు ముచ్చటపడి పాపకు సౌమిత్రి అని ఎంచుకున్నారు. సుమిత్ర కొడుకు సౌమిత్రి, అంటే లక్ష్మణుడు. మారుతి, సాత్యకి కూడా ఈ వరసలోవే.

దీనికి నేను వాడే అడ్డదారి ఒకటుంది, వ్యాకరణం రానివాళ్ళకు కూడా పనికొస్తుంది. పేరును నామావళిలో పెట్టి ‘నమః’ చేర్చండి. చివర యై పలికితే అమ్మాయి. నే, యే, ఆయ పలికితే అబ్బాయి. శుక్రవారం లలితా సహస్రనామావళి వినే ఇళ్ళలో ఇది చెవికి అలవాటైన ధ్వనే: మనస్విన్యై నమః, యశస్విన్యై నమః. ఈ రెండూ అక్కడ ఉన్నాయి, ‘ని’తో సహా ఉన్నాయి. విష్ణు నామావళిలో ధన్వినే నమః, మేధావినే నమః. జానక్యై, తన్వ్యై, భార్గవ్యై అంటే సరిపోతుంది. సౌమిత్రయే, మారుతయే అనాల్సి వచ్చిందంటే పేరు అబ్బాయిది.

లలితా నామావళి మొదటి పేరే శ్రీమాత్రే నమః కదా అని వెంటనే పట్టుకుంటారు. నిజమే, మాతృ శబ్దం ఋకారాంతం, దాని తీరు వేరు. ఆ తీరు పేర్లు మీకు ఎలాగూ అక్కర్లేదు, వదిలేయండి. కీర్తి, స్మృతి, ధృతి, శ్రుతి లాంటివి కూడా ఈ పరీక్షకు పెట్టొద్దు. కీర్త్యై, కీర్తయే రెండూ ఒప్పే. ఇలా ‘తి’ చేరి వచ్చిన భావవాచకాలు ఎప్పుడూ స్త్రీలింగాలే.

ఇప్పటికే తేజస్వి అని పెట్టేసినవాళ్ళు మార్చుకోవాలా? అక్కర్లేదు. తెలుగులో అది ఆడపిల్ల పేరుగా స్థిరపడిపోయింది, పాప పలుకుతోంది కూడా. ఇంకా ఎంచుకుంటున్నవాళ్ళు మాత్రం ఆ ‘ని’ చేర్చండి. పేరు పొడవైపోతుందని బెంగ వద్దు, ఎలా పెట్టినా ఇంట్లో తేజు అనే పిలుస్తారు.

నన్నడిగితే మూడక్షరాల తద్ధితాలు, అంటే ఒక పేరుకు ప్రత్యయం చేరి పుట్టిన పేర్లు, అన్నిటికంటే మేలు: మైథిలి, వైదేహి, జాహ్నవి, పార్వతి. అర్థం సైట్‌లో వెతుక్కోనక్కర్లేదు, కథే చెబుతుంది. మనుస్మృతి ఆడపిల్ల పేరు పలకడానికి సుఖంగా, అర్థం స్పష్టంగా, చివర దీర్ఘంతో ఉండాలంటుంది, అంతవరకు బాగుంది. తర్వాతి అధ్యాయంలో నక్షత్రాల, చెట్ల, నదుల పేర్లున్న పిల్లను పెళ్ళాడవద్దంటుంది. ఆ లెక్కన రోహిణి, తులసి, గంగ, గోదావరి ఎవరూ మిగలరు. మన అమ్మమ్మలు ఆ మాట చెవిన పెట్టలేదు, మీరూ పెట్టొద్దు.

సాధన. గూగుల్ చూడకుండా ఈ పేర్లకు నమః రూపం రాయండి: వైదర్భి, వాగ్మి, ఆరుణి, ఇంద్రాణి, సాధ్వి, మాలిని, ఓజస్వి, ద్రౌపది, సాత్యకి. అబ్బాయిల పేర్లు విడదీసి, వాటిలో ‘ని’ చేర్చితే అమ్మాయి పేరయ్యేవి ఏవో, చేర్చినా కానివి ఏవో చెప్పండి. అది అయ్యాక లలితా సహస్రనామ స్తోత్రం మొత్తం చదివి ‘నీ’తో ముగిసే నామాలన్నీ రాసుకోండి. ఒక్కొక్కదాని నుంచి ‘నీ’ తీసి చూడండి. కొన్నిచోట్ల మగపేరు బయటపడుతుంది, నళినీ లాంటి చోట్ల అలాంటిదేమీ రాదు. రెండు జాబితాలూ విడివిడిగా ఉంచుకోండి, సమాసాల పాఠంలో నేరుగా వాటితోనే పని. మాలిని దగ్గర తొందరపడకండి, మాలి అనే మాట సంస్కృతంలో ఉందో లేదో నకారాంతంగా వెతికి చూసి రాయండి.