గాలం పాఠాలు – 4: బెండు వణికి ఆగిపోయిందా?

పోయిన పాఠంలో తవుడు, వేరుశనగ చెక్క కలిపి ఎర ముద్ద చేయమన్నాను. చాలామంది చెప్పింది ఒకటే: "బెండు రెండుసార్లు వణికింది, లాగేలోపే ఆగిపోయింది." కొందరు ముల్లు మార్చారు, ఒకాయన చెరువునే మార్చాడు. అక్కర్లేదండీ. చేప ఎరను నోట్లో పెట్టుకుంది, రుచి చూసింది, ఉమ్మేసింది.

బంగారుతీగ చేప అంగిట్లో మెత్తటి కండ ఒకటి ఉంటుంది, దాని నిండా రుచి మొగ్గలే. బురదతో సహా పీల్చి, తిండిని ఆ కండతో అదిమి పట్టుకుని, మిగతాది బయటికి ఊదేస్తుంది. జెల్లకైతే మీసాల మీద కూడా రుచి మొగ్గలుంటాయి. నోటిదాకా రాకుండానే తేల్చేస్తుంది.

నా అనుమానం మీ చేతుల మీదే. బండికి పెట్రోలు కొట్టించి, దోమల క్రీము రాసుకుని, అవే చేతులతో పిసికి ఉంటారు. నేనైతే గట్టు మట్టితో రుద్దుకుంటాను, సబ్బు ముట్టను.

ఇక నెయ్యి. ముద్దలో నెయ్యి వేయమని నేనెప్పుడు చెప్పాను? "ఘుమఘుమలాడుతోంది సార్" అంటున్నారు. ఎవరికి? మీకు! మన ముక్కుకి వాసన గాల్లో వస్తుంది, చేపకి నీళ్లలో. దాని ముక్కు ఊపిరికి కాదు. ముందు రంధ్రంలోంచి నీళ్లు వెళ్తాయి, వెనక రంధ్రంలోంచి వస్తాయి, మధ్యలో వాసన పట్టే పొర ఉంటుంది. నీళ్లలో కరిగిందే ఆ పొరకు తగులుతుంది. నెయ్యి కరగదు, పైకి తేలుతుంది. పైగా ముద్దకి పూతలా పట్టి, లోపలి వాసననూ బయటికి రానివ్వదు. చేపను లాగేవి అమైనో ఆమ్లాలు, అంటే మాంసకృత్తులు తయారయ్యే ముక్కలు. అవి నీళ్లలో ఇట్టే కరుగుతాయి. వానపామును తుంచి గుచ్చమనేది అందుకే, లోపలి రసం నీళ్లలోకి ఊరాలి. నూనె, డాల్డా కూడా నెయ్యి కిందే లెక్క. మళ్లీ అడగొద్దు.

పట్టిన చేపను అక్కడే కోసి కడగకండి. తేనెటీగల నాట్యం గుట్టు విప్పిన కార్ల్ వాన్ ఫ్రిష్, 1938లో చిన్న చేపల మీద ఇంకోటి కూడా చూపించాడు: గాయపడ్డ చేప చర్మం నుంచి వచ్చే వాసనకే మిగతావి బెదిరిపోతాయి.

అభ్యాసం: ఆదివారం ముల్లు లేకుండా వెళ్లండి. సబ్బు చేత్తో చేసిన ముద్ద ఒకటి, మట్టి చేత్తో చేసింది ఒకటి, దారానికి కట్టి వేయండి. ఒక్కోదానికి యాభై వణుకులు లెక్కపెట్టి, ఎన్నిసార్లు వదిలేసిందో రాసుకోండి. సాయంత్రమైనా సరే, యాభై అయ్యాకే లేవండి.