కాలరు నమిలే పిల్లలకి

ఆటిజం ఉన్న చిన్నపిల్లలు చొక్కా కాలరు నములుతుంటే లాగేయకండి. చాలామందికి దవడ మీద పడే ఆ ఒత్తిడే నెమ్మదినిస్తుంది. ఊరికే ఆపితే వేళ్లు కొరకొచ్చు. బదులుగా నమలడానికి చేసిన ఫుడ్‌గ్రేడ్ సిలికాన్ ట్యూబు ఇవ్వండి, అదీ కాలరు నోట్లోకి వెళ్లకముందే: బడి ఆటో ఎక్కేటప్పుడు, విశాఖ ఆర్కే బీచ్ జనంలోకి వెళ్లేముందు. మెడలో వేస్తే, లాగగానే ఊడిపోయే తాడే వాడాలి. నిద్రలో తప్పకుండా తీసేయాలి. గట్టిగా కొరికే పిల్లలకి మెత్తని రకం త్వరగా తెగుతుంది, ముక్క గొంతులో అడ్డం పడొచ్చు. రోజూ వంచి చూడండి, గాటు కనిపిస్తే పారేయండి. విశాఖ ఉక్కపోతలో తడి కాలరు ఓ పట్టాన ఆరదు, పాపం మెడ ఒరుసుకుపోతుంది. సంచిలో ఇంకో చొక్కా ఉంచండి. అలవాటు ఉన్నట్టుండి మొదలైతే పళ్లు చూపించండి. మట్టి, సుద్ద కూడా తింటుంటే ఒంట్లో ఐరన్ తక్కువైందేమో డాక్టరుగారినడిగి రక్తపరీక్ష చేయించండి.